పాత ఫిల్మ్ రేంజ్‌ఫైండర్: చేతికొచ్చిన రోజు నుంచి మొదటి రీలు కడిగేదాకా

ఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం సాయంతో లెన్సులోంచే చూపించే కెమెరా) అలవాటున్నవాళ్లు రేంజ్‌ఫైండర్‌ని (వేరే కిటికీలోంచి చూస్తూ, రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసే కెమెరాని) మొదటిసారి కంటికి ఆనించగానే మురిసిపోతారు. లోపల అంతా వెలుతురుగా, తేటగా ఉంటుంది. బటన్ నొక్కితే అద్దం లేచిపడే చప్పుడుండదు, చిన్న ‘టిక్’ మాత్రమే. ఆ మురిపెంలోనే మొదటి రీలు సగం పాడవుతుంది. ఎందుకంటే ఆ కిటికీలో కనిపించేదానికీ లెన్సు చూస్తున్నదానికీ సంబంధం లేదు. ఫోకస్ ఎక్కడున్నా, అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) ఎంతున్నా, ఆఖరికి లెన్సుకి మూత పెట్టే ఉన్నా, అక్కడ అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. పైగా ఇవి చాలావరకు నలభై, యాభై ఏళ్లు దాటిన యంత్రాలు. అందుకే మొదటి రీలుని ఫొటోల ఖాతాలో వెయ్యకండి, కెమెరా పరీక్ష ఖాతాలో వెయ్యండి. ఆ రీలుకి ముందు ఏం చూసుకోవాలో, ఏ ఫ్రేము దేనికి ఖర్చుపెట్టాలో, కడిగాక నెగటివ్‌లో ఏం వెతకాలో వరసగా చూద్దాం.

మీ కెమెరా ఏ రకం?

వాడిన రేంజ్‌ఫైండర్లలో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. మొదటిది లెన్సు ఊడిరానిది: కానన్ కానొనెట్ క్యూఎల్17 జీ-3, యాషికా ఎలక్ట్రో 35, ఒలింపస్ 35 ఎస్‌పీ, మినోల్టా హై-మాటిక్ 7ఎస్ లాంటి 1960, 70 దశకాల జపాన్ కెమెరాలు. వీటి షట్టర్ (ఫిల్ము మీదికి వెలుతురుని కాసేపే వదిలే తెర) లెన్సు లోపలే, పల్చటి లోహపు రేకులతో ఉంటుంది. రెండోది లెన్సు మార్చుకునే రకం: 1954లో ఎం3తో మొదలైన లైకా ఎం వరస, అంతకుముందటి స్క్రూ మౌంట్ లైకాలు, ఆ బాటలోనే వచ్చిన సోవియట్ ఫెడ్, జోర్కీలు. వీటి షట్టర్ ఫిల్ముకి కాస్త ముందు, గుడ్డ తెరలతో ఉంటుంది.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే రెండింటి జబ్బులూ వేరు. రేకుల షట్టర్‌కి నూనె చేరి జిగటపడుతుంది. గుడ్డ షట్టర్‌కి సన్నని చిల్లులు పడతాయి, స్ప్రింగులు అలసిపోతాయి. అద్దం అడ్డం లేదు కాబట్టి లెన్సుని సూర్యుడి వైపు తిప్పి వదిలేస్తే ఆ ఎండ గుడ్డ మీదే కేంద్రీకరించి కాల్చేస్తుంది కూడా. గుడ్డ షట్టరున్న రేంజ్‌ఫైండర్‌కి వాడనప్పుడు మూత పెట్టమనేది అందుకే.

జోర్కీ 4, ఫెడ్ కెమెరాలతో ఒక నియమం ముందే గుర్తుపెట్టుకోండి: రీలు తిప్పే నాబ్‌నో లివర్‌నో తిప్పి షట్టర్ బిగించాకే షట్టర్ స్పీడు డయల్ ముట్టుకోవాలి. బిగించకుండా తిప్పితే లోపలి యంత్రం దెబ్బతినొచ్చు. ఏ కెమెరాలోనైనా సెల్ఫ్ టైమర్ జోలికి పోకపోవడం మేలు. ఏళ్లుగా కదలని ఆ గేరు మధ్యలో ఆగితే షట్టర్ మొత్తం బిగుసుకుపోతుంది.

రీలు వెయ్యకముందు చేసే పరీక్షలు

వెనక తలుపు తెరిచి మొదట చూడాల్సింది ఫోమ్. తలుపు కూర్చునే గాడుల్లోనూ కీలు దగ్గరా నల్లటి స్పాంజి పట్టీలు ఉంటాయి. అవి ఇప్పటికి తారులా కరిగిపోయో, వేలితో తాకితే పొడిగా రాలిపోతూనో ఉంటాయి. మార్చడం ఇంట్లో చేసుకోగలిగిన పనే. పాతదాన్ని టూత్‌పిక్‌తో గోకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో జిడ్డు తుడవండి. గోకేటప్పుడు కెమెరాని తలకిందులుగా పట్టుకోండి, లేదంటే ముక్కలు షట్టర్ మీద పడతాయి. సన్నని గాడుల్లో నల్ల ఊలు దారం సరిపోతుంది. కీలు దగ్గర 1.5 నుంచి 2 మి.మీ. మందం ఫోమ్ కావాలి. మరీ మందంగా వేస్తే తలుపు మూతపడదు, బలవంతాన మూస్తే గొళ్లెం వంగుతుంది.

తర్వాత షట్టర్. తలుపు తెరిచి ఉంచి, లెన్సుని తెల్లటి గోడ వైపు తిప్పి, వెనక నుంచి చూస్తూ ఒక్కో స్పీడులో రెండు మూడుసార్లు నొక్కండి. తలుపు తెరిచి ఉండగా ఫ్రేముల అంకె ముందుకు కదలకపోతే కంగారుపడొద్దు, చాలా కెమెరాల్లో అంతే. 1 సెకను, 1/2, 1/4 స్పీడులు ఉంటే వాటి తేడా చెవికే తెలియాలి. కాస్త కచ్చితంగా కావాలంటే ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి వెనక నుంచి తీయండి. 1/4 దగ్గర దాదాపు 60 ఫ్రేముల్లో వెలుతురు కనిపించాలి, 1/15 దగ్గర 16, 1/60 దగ్గర 4. అంతకుమించిన స్పీడులకి ఈ లెక్క నమ్మదగ్గది కాదు, వాటిని రీలు మీదే తేల్చుకోవాలి.

రేకుల షట్టర్ నెమ్మదిగా, బద్ధకంగా తెరుచుకుంటున్నా, లేదా మొదటిసారి నిలిచిపోయి నాలుగోసారికి దారిలో పడుతున్నా నూనె చేరిందని అర్థం. దాని మీద ఏ స్ప్రేలూ కొట్టొద్దు. నూనెని నూనె వదిలించదు, ఆ తడి లెన్సు గాజుల మధ్యకి పాకుతుంది. రేకులు పూర్తిగా పొడిగా ఉండాలి. అది సర్వీసింగ్ చేసేవాళ్ల పని. గుడ్డ షట్టర్ అయితే చీకటి గదిలో లెన్సు తీసి, ముందు నుంచి చిన్న టార్చి వేసి వెనక నుంచి చూడండి. బిగించి ఒకసారి, బిగించకుండా ఒకసారి చూడాలి, ఎందుకంటే తెరలు రెండు. నక్షత్రాల్లా చుక్కలు కనిపిస్తే అవి ప్రతి ఫొటోలోనూ కనిపిస్తాయి.

లెన్సులోకి టార్చి వెయ్యండి. దుమ్ము, ఒకటి రెండు సన్నటి గీతలు పెద్ద లెక్కలోవి కావు. సాలెగూడులా అల్లుకున్న దారాలుంటే ఫంగస్. గాజు అంతా పల్చటి పాలపొర పట్టినట్టుంటే హేజ్, ఇదే ఫొటోని ఎక్కువ దెబ్బతీస్తుంది. ఎండకి ఎదురుగా తీస్తే నలుపంతా బూడిద రంగుకి తిరుగుతుంది. అమ్మేవాళ్లు ముందు గాజు మీది గీతల గురించి ఎంతైనా చెబుతారు, హేజ్ మాట మాత్రం ఎత్తరు.

బ్యాటరీ గొడవ

కానొనెట్‌లాంటి కెమెరాలు 1.35 వోల్టుల పీఎక్స్625 మెర్క్యురీ బ్యాటరీ కోసం తయారయ్యాయి. ఇప్పుడవి రావు. అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులతో మొదలై వాడేకొద్దీ పడిపోతుంది. వోల్టేజీ ఎక్కువైతే వెలుతురు కొలిచే మీటర్ ముల్లు ఉన్నదానికన్నా ఎక్కువ వెలుతురు ఉందనుకుంటుంది, ఫొటోలు చీకటిగా వస్తాయి. దీనికి రెండు దారులు. ఒకటి, చెవి మిషన్లలో వాడే 675 సైజు జింక్-ఎయిర్ సెల్. ఇది దాదాపు 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది. వెడల్పు తక్కువ కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెట్టాలి. అంటించిన కాగితం పీకిన దగ్గర్నుంచి గాలి తగిలి ఖర్చవుతూ ఉంటుంది, కొన్ని వారాలకోసారి మార్చాల్సిందే. రెండోది, వోల్టేజీ తగ్గించే డయోడ్ ఉన్న అడాప్టర్‌లో సిల్వర్ ఆక్సైడ్ సెల్ పెట్టడం.

యాషికా ఎలక్ట్రో 35ది వేరే కథ. దానికి 5.6 వోల్టుల బ్యాటరీ కావాలి. 6 వోల్టుల 4ఎల్ఆర్44ని అడాప్టర్‌లోనో, కాగితం చుట్టి కింద స్ప్రింగు పెట్టో వాడితే చక్కగా నడుస్తుంది. షట్టర్‌ని నడిపేది విద్యుత్తే కాబట్టి బ్యాటరీ లేకపోతే 1/500 ఒక్కటే పలుకుతుంది. మీరు అపర్చర్ పెడితే స్పీడు అదే ఎంచుకుంటుంది. పసుపు దీపం వెలిగితే స్పీడు 1/30 కన్నా తగ్గిందని, చెయ్యి ఆనించుకోవాలని అర్థం. ఎర్ర దీపం వెలిగితే వెలుతురు మితిమీరింది, అపర్చర్ మూసుకోవాలి. ఈ కెమెరా కొనేటప్పుడు రీలు లివర్ తిప్పి చెవి పెట్టండి. లోపల ‘టక్’మని గట్టిగా వినిపించాలి. వినిపించకపోతే లోపలి రబ్బరు ప్యాడ్ అరిగిపోయి ఉండొచ్చు, అప్పుడు ఎక్స్‌పోజర్ దారి తప్పుతుంది.

బ్యాటరీ గది మూత తెరవగానే పచ్చటి, తెల్లటి పొర కనిపిస్తే దూది పుల్లకి వెనిగర్ అద్ది తుడిచి, ఆల్కహాల్‌తో ఆరబెట్టండి. మీటర్ బతికుందో లేదో అప్పుడే తేల్చండి. కానొనెట్‌లో మీటర్ ‘ఎ’ (ఆటోమేటిక్) మోడ్‌లో మాత్రమే పనిచేస్తుందని, మాన్యువల్‌లో ముల్లు కదలకపోవడం జబ్బు కాదని గుర్తుంచుకోండి. ‘ఎ’లో వెలుతురు పరిధి దాటితే షట్టర్ బటన్ దిగదు. అది కూడా జబ్బు కాదు.

ఫోకస్ ప్యాచ్: అసలు పనంతా ఇక్కడే

వ్యూఫైండర్ (కన్ను ఆనించే కిటికీ) మధ్యలో చిన్న లేత పసుపు పెట్టె కనిపిస్తుంది, అదే ప్యాచ్. పక్కనున్న రెండో కిటికీ నుంచి వచ్చిన బొమ్మని సగం వెండిపూత ఉన్న అద్దం ఈ పెట్టెలో పరుస్తుంది. లెన్సు రింగు తిప్పితే ఈ రెండో బొమ్మ పక్కకి జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్న క్షణమే ఫోకస్. కిటికీల మధ్య దూరం, వ్యూఫైండర్ ఎంత పెద్దదిగా చూపిస్తుంది అన్నదాన్ని బట్టి కచ్చితత్వం మారుతుంది. లైకా ఎం3లో ఈ రెండింటినీ గుణిస్తే దాదాపు 62 మి.మీ. వస్తుంది, 90 మి.మీ. లెన్సుతో కూడా ధైర్యంగా తీయొచ్చు.

బొమ్మ అడ్డంగా జరుగుతుంది కాబట్టి ప్యాచ్‌ని నిలువు గీత మీద పెట్టాలి. తలుపు అంచు, స్తంభం, కాలరు మడత, ముక్కు పక్క నీడ. అడ్డగీతలు మాత్రమే ఉంటే కెమెరాని నిలువుగా తిప్పి ఫోకస్ చేసి మళ్లీ అడ్డంగా తెచ్చుకోండి. కటకటాలు, కిటికీ చువ్వల లాంటి వరస గీతల దగ్గర జాగ్రత్త. ఒక చువ్వ పక్క చువ్వ మీద కూర్చున్నా సరిపోయినట్టే కనిపిస్తుంది. మనిషి ముఖంలో కంట్లోని మెరుపుని పట్టుకోవడం తేలిక, అదొక్క చుక్క రెండుగా ఉండి ఒకటవుతుంది.

ఇప్పుడు ప్యాచ్ నిజం చెబుతోందో లేదో చూడాలి. మొదట దూరంగా, కనీసం ఒక కిలోమీటరు అవతలున్న టవరునో భవనం అంచునో చూస్తూ లెన్సుని అనంతం గుర్తుకి ఆగేదాకా తిప్పండి. రెండు బొమ్మలూ కలిసిపోవాలి. కలవకపోతే అడ్డంగా తప్పు. బొమ్మలు కలిశాయిగానీ ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద ఉంటే నిలువుగా తప్పు. నిలువు తప్పు ఫోకస్‌ని పాడుచెయ్యదుగానీ, కలిసిన క్షణం పోల్చుకోలేక కంటికి చిరాకు.

అనంతం ఒక్కటే సరిపోదు. దగ్గర్లో పరీక్షించడానికి తలుపు తెరవండి. లోపల ఫిల్ము ఆనుకునే లోపలి రెండు పట్టాల మీద ట్రేసింగ్ కాగితాన్నో మసక టేపునో బిగుతుగా, ముడతలు లేకుండా అంటించండి. షట్టర్‌ని ‘బి’లో (నొక్కినంతసేపూ తెరిచే ఉండే స్థానంలో) పెట్టి, లాకయ్యే కేబుల్ రిలీజ్‌తో (బటన్‌కి బిగించి నొక్కే తీగతో) తెరిచి ఉంచండి, అపర్చర్ పూర్తిగా తెరవండి. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, ఒక మీటరు దూరంలో వెలుతురు బాగా పడే అచ్చు అక్షరాల కాగితం నిలబెట్టండి. ఈ మీటరుని లెన్సు ముందు నుంచి కాదు, ఫిల్ము ఉండే తలం నుంచి కొలవాలి. కొన్ని కెమెరాల పైన గుండ్రం మధ్యలో గీత ఉన్న గుర్తు ఆ తలాన్నే చూపిస్తుంది. ప్యాచ్‌తో ఫోకస్ చేసి, కాగితం మీద పడ్డ తలకిందుల బొమ్మని భూతద్దంతో చూడండి. అక్షరాల అంచు పదునుగా ఉంటే ప్యాచ్, లెన్సు ఒకే మాట మీద ఉన్నట్టు. కాస్త ఇటూ అటూ తిప్పితే ఇంకా పదునవుతుంటే ఆ దూరంలో రేంజ్‌ఫైండర్ తప్పు. అడుగు నుంచి రీలు వేసే పాత లైకాలకి వెనక తలుపు ఉండదు కాబట్టి ఈ పరీక్ష కుదరదు, వాటికి రీలే గతి.

ప్యాచ్ వెలిసిపోయి కనిపించకపోతే లోపలి అద్దాన్ని దూదితో రుద్దకండి. సగం వెండిపూత ఆ దూదితోనే వచ్చేస్తుంది, ఇక ప్యాచ్ ఎప్పటికీ ఉండదు. కిటికీల బయటి గాజు తుడిస్తేనే కొంత తేరుకుంటుంది. అప్పటికీ చాలకపోతే పెద్ద కిటికీ మీద రంగు ప్లాస్టిక్ ముక్క అంటించి చూడండి. బయటి దృశ్యం ఆ రంగులోకి తిరిగి, ప్యాచ్ వేరుగా తేలుతుంది. జోర్కీ 4, ఫెడ్ 2 కెమెరాల్లో రీవైండ్ నాబ్ కింద చిన్న లివర్ ఒకటుంటుంది. అది కంటి పవర్ సర్దుకునేది. అది కదిలిపోయి అంతా మసకగా ఉంటే కెమెరా చెడిపోయిందనుకుని పక్కన పడేసేవాళ్లున్నారు.

రీలు వెయ్యడం

పరీక్షకి 36 ఫ్రేముల నెగటివ్ ఫిల్ము తీసుకోండి, ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్ము ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) 200 లేదా 400. కొడాక్ గోల్డ్ 200, ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లాంటివి చాలు. షట్టర్ తేడాలు చదవడానికి నలుపు-తెలుపు తేలిక, వెలుతురు లీకులు పట్టుకోవడానికి కలర్ తేలిక. స్లైడ్ ఫిల్ము వద్దు, అది అర స్టాపు తప్పునీ క్షమించదు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో కావడం).

1. ఎండలో కాకుండా నీడలో తలుపు తెరవండి. రీవైండ్ నాబ్ పైకి లాగి క్యాసెట్ కూర్చోబెట్టి, నాబ్ దించండి.
2. ఫిల్ము నాలుకని అవతలి స్పూలు చీలికలో దూర్చండి. కానొనెట్ క్యూఎల్‌లో చీలిక ఉండదు, గుర్తు దాకా లాగి పరిస్తే తలుపు మూయగానే అదే పట్టుకుంటుంది.
3. లివర్ ఒకసారి తిప్పి, ఫిల్ము రెండు అంచుల చిల్లులూ పళ్లచక్రంలో పడ్డాయో లేదో చూసి తలుపు మూయండి.
4. రీవైండ్ నాబ్‌ని బాణం వైపు మెల్లగా తిప్పి, లోపలి వదులు పోయి బిగుతు తగిలేదాకా సర్దండి.
5. మూత పెట్టి రెండు ఖాళీ ఫ్రేములు కొట్టండి. లివర్ తిప్పినప్పుడల్లా రీవైండ్ నాబ్ కూడా వెనక్కి తిరగాలి.
6. ఐఎస్ఓ డయల్ పెట్టండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

అయిదో మెట్టు దాటవెయ్యొద్దు. నాబ్ తిరగట్లేదంటే ఫిల్ము కదలట్లేదు. కౌంటర్ మాత్రం ఏమీ ఎరగనట్టు 36 దాకా లెక్కపెడుతూనే ఉంటుంది. స్క్రూ మౌంట్ లైకా, జోర్కీ 1 లాంటి అడుగు నుంచి వేసేవాటికి ఫిల్ము నాలుకని కత్తిరించి దాదాపు 10 సెం.మీ. పొడవు చెయ్యాలి. లేకపోతే షట్టర్ దగ్గర ఇరుక్కుని ముక్కలు లోపలే ఉండిపోతాయి.

మీటర్ లేకుండా వెలుతురు లెక్క

కెమెరా మీటర్ పనిచేసినా మొదటి రీలుకి దాన్ని నమ్మకండి, ఫోన్ మీటర్‌తో పోల్చుతూ ఉండండి. అదీ లేకపోతే సన్నీ 16: నీడలు గట్టిగా పడే ఎండలో అపర్చర్ ఎఫ్/16 (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) పెట్టి, ఐఎస్ఓ అంకెకి దగ్గరగా ఉన్న స్పీడు పెట్టాలి. ఐఎస్ఓ 200 అయితే 1/250, 400 అయితే 1/500. మబ్బు పట్టి నీడ పడకపోతే ఎఫ్/8. భవనం నీడలో ఎఫ్/5.6, ఇంకా లోపలికైతే ఎఫ్/4. రాత్రి ఇంట్లో దీపాల కింద ఐఎస్ఓ 400తో ఎఫ్/2, 1/30 నుంచి మొదలుపెట్టొచ్చు. అనుమానం వస్తే ఒక స్టాపు ఎక్కువే ఇవ్వండి. నెగటివ్ ఫిల్ము ఎక్కువైన వెలుతురుని భరిస్తుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగల్చదు.

ఫిల్టర్ వాడితే మీటర్ కన్ను ఎక్కడుందో చూడండి. కానొనెట్, హై-మాటిక్ 7ఎస్‌లలో అది లెన్సు రింగులోనే, ఫిల్టర్ వెనకే ఉంటుంది కాబట్టి లెక్క అదే సర్దుకుంటుంది. ఎలక్ట్రో 35లో బాడీ మీద ఉంటుంది, సర్దుబాటు మీరే చెయ్యాలి.

ఏ ఫ్రేము దేనికి

పుస్తకం దగ్గర పెట్టుకుని ఫ్రేము అంకె, అపర్చర్, స్పీడు, దూరం రాస్తూ పోండి. రాయకపోతే ఈ పరీక్షంతా వృథా.

మొదటి నాలుగు ఫ్రేములు పైస్పీడుల కోసం. మబ్బు రోజున ఐఎస్ఓ 200తో ఒకే గోడని ఎఫ్/16 వద్ద 1/60, ఎఫ్/11 వద్ద 1/125, ఎఫ్/8 వద్ద 1/250, ఎఫ్/5.6 వద్ద 1/500తో తీయండి. నాలుగింటిలోనూ ఫిల్ముకి చేరే వెలుతురు ఒకటే, కాబట్టి నెగటివ్‌లో నాలుగూ ఒకే ముదురుగా రావాలి. తర్వాతి నాలుగు కిందిస్పీడులకి: గదిలో కిటికీ పక్కన ట్రైపాడ్ మీద, ఎఫ్/16 వద్ద 1/4 నుంచి మొదలుపెట్టి ఎఫ్/5.6 వద్ద 1/30 దాకా అదే పద్ధతి.

తొమ్మిది, పది ఫ్రేములు దూరపు టవర్‌కి: ఒకటి పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో, ఒకటి ఎఫ్/8తో. ఇక పదకొండు నుంచి పదహారు దాకా ఫోకస్‌కి. బల్ల మీద అయిదు పుస్తకాలని, ఒక్కోటి 5 సెం.మీ. వెనక్కి, కాస్త పక్కకి జరుపుతూ నిలబెట్టండి. మధ్య పుస్తకం మీద ఫోకస్ చేసి పూర్తి అపర్చర్‌తో 1 మీటరు, 2 మీటర్లు, 4 మీటర్ల దూరం నుంచి రెండేసి తీయండి. ఒకసారి దగ్గర నుంచి అనంతం వైపు రింగు తిప్పుతూ ఫోకస్ పట్టండి, రెండోసారి అనంతం నుంచి దగ్గరకి. రెండింటికీ తేడా వస్తే గేరులో వదులుంది. 40 మి.మీ. ఎఫ్/1.7 లెన్సుకి మీటరు దూరంలో పదునుగా వచ్చే లోతు మొత్తం 6 సెం.మీ. దాకా మాత్రమే, అంటే ముందు పుస్తకం, వెనక పుస్తకం రెండూ సమానంగా మసకబారాలి.

పదిహేడో ఫ్రేము ఫ్రేమింగ్‌కి. గోడకి మీటరు దూరంలో నిలబడి, వ్యూఫైండర్‌లోని ఫ్రేము గీతల నాలుగు మూలలు ఎక్కడ పడుతున్నాయో అక్కడ గోడ మీద టేపు ముక్కలు అంటించి తీయండి. వ్యూఫైండర్ లెన్సుకి పైన, పక్కన ఉంటుంది కాబట్టి దగ్గర్లో బొమ్మ జరుగుతుంది. కానొనెట్, లైకా ఎంలలో గీతలే కదిలి సర్దుతాయి. కొన్నిట్లో దగ్గరి దూరానికి వేరే చిన్న గుర్తులుంటాయి. జోర్కీ 4లో గీతలే ఉండవు, తల పైన కాస్త ఖాళీ మీరే వదలాలి.

ఒక ఫ్రేము దీపాన్ని మూలకి పెట్టి హేజ్ కోసం. మూడు ఫ్రేములు ఆటోమేటిక్ మోడ్‌లో, అవే మూడు ఫోన్ మీటర్ లెక్కతో. ఆ తర్వాత మూత పెట్టి, కెమెరాని ఎండలో వెనకవైపు, పక్కలు, అడుగు ఒక్కోవైపు రెండేసి నిమిషాలు ఉంచండి. ఫోమ్ పని సరిగ్గా కుదిరిందో లేదో ఆ దగ్గర్లోని ఫ్రేములు చెబుతాయి. మిగిలినవి మీ ఇష్టం, తిరిగి తీసుకోండి.

ఆ మిగిలిన ఫ్రేముల్లో పట్టాల్సిన అలవాట్లు

కుడికన్నుతో చూస్తే రెండో కన్ను తెరిచి ఉంచొచ్చు, ఫ్రేములోకి రాబోయే మనిషి ముందే కనిపిస్తాడు. ఎడమచేతి వేలు రెండో కిటికీకి అడ్డుపడితే ప్యాచ్ మాయమవుతుంది, కొత్తలో ఇది పదేపదే జరుగుతుంది. మూత సంగతి మొదట్లోనే చెప్పుకున్నాం. కెమెరా మెడలో వేసుకోగానే మూత తీసి జేబులో వేసుకోండి, సంచిలో పెట్టేటప్పుడే మళ్లీ పెట్టండి.

నడుస్తూ తీసేటప్పుడు ప్రతిదానికీ ప్యాచ్ కలపక్కర్లేదు. 40 మి.మీ. లెన్సుని 3 మీటర్ల దగ్గర పెట్టి ఎఫ్/8 వేస్తే దాదాపు 2 మీటర్ల నుంచి 5.4 మీటర్ల దాకా పదునుగా ఉంటుంది. ఎఫ్/11 అయితే 1.9 నుంచి దాదాపు 8 మీటర్లు. రింగు మీద చిన్న పిడి ఉంటే అది ఏ వైపుంటే ఎంత దూరమో వేలికి అలవాటు చెయ్యండి. కెమెరా ఎత్తేలోపే ఫోకస్ సగం అయిపోతుంది. అద్దం కుదుపు లేదు కాబట్టి 1/30, ఊపిరి వదిలి నెమ్మదిగా నొక్కితే 1/15 కూడా చేతిలో నిలుస్తుంది.

రీలు వెనక్కి తిప్పడం, కడిగించడం

లివర్ బిగుసుకోగానే ఆపండి. ఇంకో ఫ్రేము కోసం బలవంతం చేస్తే చిల్లులు చిరుగుతాయి, లేదా ఫిల్ము క్యాసెట్ నుంచి ఊడొస్తుంది. ఊడితే తలుపు తెరవకుండా చీకటి సంచిలోనే తియ్యాలి. మామూలుగా అయితే అడుగున బటన్ నొక్కి, జోర్కీలాంటివాటిలో షట్టర్ బటన్ చుట్టూ ఉన్న కాలరు సర్ది, నాబ్‌ని బాణం వైపు తిప్పండి. మొదట బిగువుగా తిరిగి, చివర్లో ఫిల్ము స్పూలు నుంచి జారగానే చేతికి ఒక్కసారి తేలికవుతుంది. ఇంకో రెండు చుట్లు తిప్పి తెరవండి.

ల్యాబ్‌కి మూడు మాటలు చెప్పండి: నెగటివ్ తిరిగి కావాలి, ముక్కలు చెయ్యొద్దు, స్కాన్‌లో వెలుతురు సర్దొద్దు. ఫ్రేముల మధ్య ఎడం తప్పి ఉంటే కత్తెర బొమ్మ మధ్యలో పడుతుంది. స్కానర్ తనంతట తాను సర్దిన ఫైలులో 1/500 బాగుందో లేదో ఎవరూ చెప్పలేరు.

నెగటివ్ ఏం చెబుతోంది

తెల్లటి తెర ముందు పట్టుకుని మొదట అంచులు చూడండి. కంపెనీ పేరు, అంకెలు స్పష్టంగా ఉండి ఫ్రేములన్నీ ఖాళీగా ఉంటే కడగడంలో తప్పు లేదు. ఫిల్ము కదల్లేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు, లేదా మూత. అంచు అంకెలే లేకపోతే తప్పు ల్యాబ్‌ది.

మొదటి నాలుగు ఫ్రేముల్లో 1/500 మిగతావాటికన్నా ముదురుగా ఉంటే ఆ స్పీడు నెమ్మదిగా నడుస్తోంది. పాత షట్టర్లలో ఇది మామూలు. అర స్టాపు తేడాని పట్టించుకోనక్కర్లేదు. గుడ్డ షట్టర్‌లో ఒకే ఫ్రేము ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క పల్చగా ఉన్నా, పైస్పీడుల్లో ఒక పక్క అసలు ఏమీ పడకపోయినా తెరలు రెండూ ఒకే వేగంతో నడవట్లేదని అర్థం. అది స్ప్రింగు సర్దుబాటు, ఇంట్లో చెయ్యకండి.

కలర్ ఫొటోలో ఎరుపు, నారింజ చారలు వెనక తలుపు నుంచి వచ్చిన లీకు, వెలుతురు ఫిల్ముని వెనక నుంచి తాకినప్పుడు ఆ రంగు వస్తుంది. చార ఫ్రేము దాటి చిల్లుల మీదుగా కూడా పాకితే ఇక అనుమానం లేదు. ప్రతి ఫ్రేములో ఒకే చోట చుక్క ఉంటే షట్టర్ గుడ్డలో చిల్లు. ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే రీలు తిప్పే గేరు.

పుస్తకాల ఫ్రేముల్లో అన్ని దూరాల్లోనూ ఫోకస్ ముందుకే లేదా వెనక్కే పడితే రేంజ్‌ఫైండర్ సర్దితే సరిపోతుంది. టవర్ పదునుగా ఉండి మీటరు దూరం మాత్రం తప్పితే సర్దుబాటు మరోచోట చెయ్యాలి, సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పండి. ప్యాచ్ ఎక్కడున్నా టవర్ పూర్తి అపర్చర్‌లో మసకగా, ఎఫ్/8లో పదునుగా ఉంటే, లెన్సుని ఎవరో విప్పి తప్పుగా బిగించి ఉండొచ్చు.

సర్వీసింగ్‌కి వెంటనే పంపాల్సినవి రెండే: జిగట షట్టర్, మీటరు దూరంలో తప్పే ఫోకస్. ఫోమ్ మీరే మార్చుకోవచ్చు. మీటర్ పోతే సన్నీ 16 ఉంది. ఒక్క స్పీడు మాత్రమే తప్పుతుంటే దాని అంకె, ఎంత తప్పుతోందో చిన్న టేపు మీద రాసి కెమెరా అడుగున అంటించండి, రెండో రీలులో ఆ స్పీడు జోలికి వెళ్లకండి.